బీరువా ఏ మూల పెట్టాలి?

మొన్న వేసవిలో మా హేతువాద సంఘం మిత్రుడొకాయన డాలీగంజ్‌లో తన ఇంటి పడగ్గది పగలగొట్టి మళ్ళీ కట్టించుకుంటూ నన్నడిగాడు. "బీరువాలు ఏ గోడకి పెట్టించమంటావు? నువ్వు రెండుసార్లు కట్టించావు కదా, నీకే బాగా తెలుస్తుంది" అన్నాడు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండుసార్లు కట్టించిన మాట మాత్రం నిజం. మొదటిసారి కట్టించింది పీకించి రెండోసారి కట్టించాను. డబ్బు పోయింది, ఇంట్లో పరువూ పోయింది. ఎందుకు పోయాయో చెప్తాను.

మాది పోర్ట్ బ్లెయిర్. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, నా నోటికి ఇంకా పాతదే వస్తోంది. శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం మాది. ఈ ఊళ్ళో మాలాంటి తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. ఓడెక్కి వచ్చేటప్పుడు మనవాళ్ళు చింతపండు, ఎండుమిరపకాయలతోబాటు వాస్తుని కూడా పట్టుకొచ్చారు. 1997లో మా నాన్న గారాచర్మలో ఇల్లు కట్టినప్పుడు పంతులుగారు చెప్పింది చెప్పినట్టు చేశారు. ఇంటి యజమాని పడగ్గది నైరుతిలో ఉండాలన్నారు, ఉంది. ఆ గదిలో మళ్ళీ నైరుతి మూలనే బీరువా ఉండాలన్నారు. తలుపులు ఉత్తరానికి తెరుచుకుంటే కుబేరుడు చూస్తాడట. దక్షిణం గోడకి కిటికీ వచ్చింది కాబట్టి ఉత్తరం కుదరలేదు. "సరే, తూర్పుకి తెరుచుకోనీండి, తప్పు లేదు" అన్నారు పంతులుగారు. ఎంత శాస్త్రమైనా కిటికీ అడ్డొస్తే సర్దుకుంటుంది :-)

గది లెక్క ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. తూర్పు పడమరలు పదమూడు అడుగులు, ఉత్తర దక్షిణాలు పన్నెండు. దక్షిణం గోడ, పడమటి గోడ ఆరుబయట వానకి తగిలేవి. తూర్పు గోడ అవతల స్నానాలగది. ఉత్తరం గోడ అవతల హాలు. హాల్లోంచి గదిలోకి వచ్చే తలుపు ఉత్తరం గోడలో పడమటి చివర ఉంది. అంటే నాలుగు గోడల్లో రెండు వానవి, ఒకటి నీళ్ళగదిది, ఒకటే ఒకటి పొడి గోడ. ఈ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా రాసేశానో చూడండి. దీన్ని తెలుసుకోడానికి మాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా శ్రీకాకుళంలో పడేదానికి రెండున్నర రెట్లకు పైనే. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనం. పేరులోనే ఉంది, గాలి నైరుతి నుంచి వస్తుంది, వాన ఏటవాలుగా వచ్చి దక్షిణం గోడనీ పడమటి గోడనీ కొడుతుంది. ఆ రెండు గోడలూ కలిసే మూలనే పంతులుగారు పట్టుచీరలు, దస్తావేజులు, అల్లుడికి పెట్టాల్సిన బట్టలు అన్నీ దాచమన్నారు. జులై వచ్చేసరికి బీరువా వెనక గోడ మీద పచ్చగా, తర్వాత నల్లగా బూజు. బీరువా తలుపు తీస్తే ముక్కిన వాసన. మా అమ్మ కలరా ఉండలు పెంచుకుంటూ పోయింది. కలరా ఉండలకి పురుగులు పోతాయి గానీ బూజు పోదు. బూజుకి తేమ కావాలి, తేమ గోడలోంచి వస్తోంది. ఉండలు ఎన్ని పెట్టినా చీరలకి ముక్కిన వాసన మీద కలరా ఉండల వాసన కలిసేది, అంతే.

మా నాన్నకి ఇంకో చిట్కా ఉండేది. బీరువా కింది అరలో జీరో బల్బు వేసి ఉంచేవారు. ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఇదే పద్ధతి. అది మూఢనమ్మకం కాదు, మంచి భౌతికశాస్త్రం. పేరుకే జీరో, ఆ పాత బల్బు పన్నెండు పదిహేను వాట్లు తాగుతుంది, తాగినదంతా దాదాపు వేడిగానే కక్కుతుంది. గాలి వేడెక్కితే అందులో నీటి ఆవిరి అంతే ఉన్నా తేమ శాతం తగ్గుతుంది. 28 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలిని ఐదు డిగ్రీలు వేడి చేస్తే అదే గాలిలో తేమ 64 శాతానికి దిగుతుంది. 70 దాటకుండా చూసుకుంటే బట్టల మీద బూజు దాదాపు పెరగదు. మా పక్కింటాయన ఆ మధ్య కరెంటు ఆదా అని ఆ బల్బు తీసేసి ఎల్.ఇ.డి. జీరో బల్బు పెట్టాడు. వెలుగు బాగానే ఉంది, ఆ ఏడే కోట్లన్నీ బూజు పట్టాయి. "బీరువాలో దీపం వెలుగుతూనే ఉంది కదండీ, ఎందుకిలా అయింది?" అని నన్నడిగాడు. దీపం కాదండీ పనిచేసింది, వేడి.

ఇదంతా బట్టల సంగతి. 2004 డిసెంబరు 26 సంగతి వేరు.

ఆ ఆదివారం పొద్దున్న ఆరున్నర కావస్తుండగా భూమి కదిలింది. సుమత్రా దగ్గర మొదలై అండమాన్ దాకా చీలిన భూకంపం అది, తీవ్రత 9.1. మా దగ్గర ఊపు సెకన్లతో ఆగలేదు, నిమిషాలు సాగింది. మా నాన్న పెరట్లో పళ్ళు తోముకుంటున్నారు, అమ్మ వంటింట్లో ఉంది. గదిలో ఆ నైరుతి బీరువా నెత్తిన రెండు సూట్‌కేసులు ఉండేవి. అందరి ఇళ్ళల్లోనూ ఉంటాయి కదా. ముందు అవి పడ్డాయి, తర్వాత బీరువా మంచం మీద పడింది. నాన్న పడుకునే వైపు, తలగడ మీద. దక్షిణం తల పెట్టి పడుకోవాలి, నైరుతిలో బీరువా పెట్టాలి అన్న రెండు సూత్రాలూ పాటిస్తే బీరువా మనిషి తలకాయ పక్కకే వస్తుంది. మేం లోపలికి వెళ్ళి చూసేసరికి మంచం కోడు విరిగి ఉంది.

"ఆ దేవుడే మీ నాన్నని పెరట్లోకి పంపించాడ్రా" అంది అమ్మ. నేను ఊరుకోలేదు. "మరి ఆ బీరువాని అక్కడ పెట్టించిందెవరమ్మా?" అన్నాను. ఆ పూట ఆ మాట అనకుండా ఉండాల్సింది. బయట జంగ్లీఘాట్ వైపు నుంచి జనం మిట్టలెక్కి పరుగెత్తుకొస్తున్నారు, సముద్రం లోపలికొచ్చిందంటున్నారు. తర్వాత తెలిసింది, మా దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కిందికి దిగిపోయిందని. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీళ్ళు మళ్ళీ పోలేదు. ఇంత జరుగుతుంటే నేను అమ్మతో వాస్తు మీద వాదన పెట్టుకున్నాను. హేతువాదికి హేతువు ఎంత ముఖ్యమో సమయం కూడా అంత ముఖ్యం, అది నాకు ఆలస్యంగా అబ్బింది.

నాన్న బీరువాని లేపి, సొట్టలు తీయించి, తెచ్చి మళ్ళీ అదే మూల పెట్టారు! ఈసారి ఇనప తీగతో కిటికీ ఊచలకి కట్టారు. నేను వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తీగ కట్టడం ఆయన చేసిన పనుల్లో అత్యంత శాస్త్రీయమైన పని. లెక్క చూడండి. ఆరున్నర అడుగుల ఎత్తు, పంతొమ్మిది అంగుళాల లోతు ఉన్న ఇనప బీరువా, సామాను సమానంగా సర్దారనుకుంటే, భూమ్యాకర్షణలో పావు వంతు త్వరణం అడ్డంగా తగిలితే ఒరగడం మొదలెడుతుంది. నెత్తిన సూట్‌కేసులుంటే ఇంకా ముందే. 2002లో వచ్చిన ఐ.ఎస్. 1893 ప్రమాణం అండమాన్ నికోబార్ దీవులన్నిటినీ ఐదో జోన్లో వేసి 0.36 అన్న అంకె ఇచ్చింది. 2016 సవరణలోనూ అదే ఉంది. అంటే గోడకి బిగించని బీరువా ఈ దీవుల్లో పడడానికి సిద్ధంగా నిలబడి ఉన్నట్టే. బీరువా ఏ దిక్కు చూడాలో చెప్పే పుస్తకాలు మా తెలుగు కొట్లలో బోలెడు. దాన్ని గోడకి బిగించమని చెప్పింది నేను ఒక్కదాంట్లోనూ చూడలేదు.

నాన్న 2013లో పోయారు. 2016లో ఆ గది మేం తీసుకున్నాం, బాగు చేయించే పని నా నెత్తిన పడింది. అప్పటికి నేను సంఘంలో వాస్తు మీద నాలుగు ఉపన్యాసాలు ఇచ్చి ఉన్నాను. వరాహమిహిరుడి బృహత్సంహిత కూడా తిరగేశాను. ఆరో శతాబ్దపు ఆ పుస్తకంలో దేవుడి గది ఈశాన్యం, వంటిల్లు ఆగ్నేయం, ఇంటి సామాను నైరుతి అని ఉంది. ధనధాన్యాలో? వాయవ్యం! కుబేరుడి చూపు కోసం డబ్బు బీరువాని నైరుతిలో పెట్టమనే మాట అందులో లేదు. ఎలా ఉంటుంది? ఇనప బీరువా మన దేశంలో ఇంటింటికీ వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. గోద్రెజ్ వాళ్ళు ఉక్కు బీరువాలు చేయడం మొదలెట్టింది 1923లో. ఋషులు ఆ కేటలాగు చూసి ఉండరు. ఇదంతా అమ్మకి చెప్తే, "ఆ వరాహమో ఏదో ఆయన మనింటికొచ్చి చూశాడేట్రా?" అంది. (అమ్మ వేళాకోళానికన్న మాట అది. నిజానికి మొత్తం సమస్యంతా అందులోనే ఉందని నాకు అప్పుడు తట్టలేదు.)

ఇక్కడ నా ఘనకార్యం మొదలవుతుంది. నైరుతిలో పెట్టకూడదని నాకు తెలుసు కదా! కాబట్టి సరిగ్గా ఎదురు మూల, ఈశాన్యంలో, తూర్పు గోడకి ఆనించి ఏడడుగుల వార్డ్‌రోబ్ కట్టించాను. ఈశాన్యం దేవుడి మూల, అక్కడ బరువు పెడితే ఇల్లు నాశనమని వాస్తు. చూద్దాం ఏ నాశనం జరుగుతుందో అన్నాను. సంఘం మిత్రులు వచ్చి చూసి భుజం తట్టారు, ఫొటోలు కూడా తీసుకున్నారు. వడ్రంగి మేస్త్రి మాత్రం "సార్, దీని వెనక బాత్‌రూం ఉంది కదా" అన్నాడు. నేను వినలేదు. వాస్తు భయంతో అంటున్నాడనుకున్నాను. పాపం అతను అన్నది పైపుల గురించి.

పధ్నాలుగు నెలలు. అంతే పట్టింది. స్నానాలగది గోడలో ఎక్కడో పైపు సన్నగా కారుతోంది. ప్లైవుడ్‌ని గోడకి సందు లేకుండా బిగించేశాం, గాలి ఆడే దారి లేదు. వెనక పలక ఉబ్బి, పొరలు విడిపోయింది. నా హేతువాద పత్రికల పాత సంచికలు ఒకదానికొకటి అంటుకుని ఇటుకల్లా అయ్యాయి. అదైనా భరించాను. మా ఆవిడ పెళ్ళి పట్టుచీర మడతల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. డ్రైక్లీనింగ్‌కి చెన్నై దాకా పంపించాం, మచ్చలు పోలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఒక్క మాటే అంది. "ఈశాన్యంలో బరువెడితే ఏటౌతాదో చెప్పాను కదా." నా దగ్గర జవాబు లేదు. ఉంది, పైపు కారింది అన్నది జవాబు. కానీ పైపు అక్కడుందని తెలిసీ, మేస్త్రి చెప్పీ, ఎందుకు పెట్టించానంటే దానికి నా దగ్గర వాస్తు తప్ప వేరే కారణం లేదు. పంతులుగారు వాస్తు చెప్పింది కాబట్టి నైరుతిలో పెట్టారు. నేను వాస్తు వద్దంది కాబట్టి ఈశాన్యంలో పెట్టాను. ఇద్దరమూ ఒకే పుస్తకం చూసి పెట్టాం, నేను తలకిందులుగా పట్టుకుని చూశానంతే. మా ఆవిడ ఆ చీర మడత పెడుతూ అంది, "పంతులుగారూ గోడ తడిమి చూడలేదు, మీరూ చూడలేదు."

ఆ మాటకి నేను కోపగించుకోలేదు. గోడ తడమడం మొదలెట్టాను.

ఐదారు వందలకి దొరికే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్లు మూడు తెప్పించాను. తేమ శాతం చూపించే మీటర్లు. అవి నిజం చెప్తున్నాయో లేదో ముందు చూడాలి కదా. దానికి వంటింట్లోనే పరీక్ష ఉంది. మూతలో కాస్త వంట ఉప్పు వేసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్ళు పోసి, మీటరుతోబాటు గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఒక రాత్రి ఉంచితే లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. ఉప్పు గుణం అది, ఇల్లు ఏదైనా, ముహూర్తం ఏదైనా. మా మీటర్లలో రెండు 75, 76 చూపించాయి. మూడోది 81 చూపించింది, దానికి ఆరు తీసేసి చదువుకున్నాం. తర్వాత ఆరు వారాలు, జూన్ జులైలలో, గోడకి రెండంగుళాల దూరంలో వేలాడదీసి పొద్దున్నా సాయంత్రం రాసుకున్నాం. రాసింది మా అమ్మాయి, నాకు మతిమరుపు.

నైరుతి మూల సగటున 91. ఈశాన్యం మూల, స్నానాలగది గోడ, 88. హాలు వైపు ఉత్తరం గోడ 79. గది మధ్యలో 80. అంటే ఆ ఉత్తరం గోడ తనంతట తాను ఏ చెమ్మా ఇవ్వడం లేదు, గదిలో ఉన్న గాలే అక్కడా ఉంది. ఈ అంకెలు మా ఇంటివి, మా గోడలవి. మీ ఇంటికి పనికిరావు, మీవి మీరే కొలుచుకోవాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం మొదలయ్యాక ఇంకోసారి కొలిచాం. వరస మారలేదు, కాస్త అటూ ఇటూ అయ్యాయి.

"వాస్తు అంటే ఆ రోజుల్లో సైన్సేనండీ" అనే మిత్రులకి ఇక్కడ ఒక మాట. కావచ్చు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, మధ్యాహ్నం తర్వాత పడమటి గోడ కాలిపోతుంది. అక్కడ ఆ వైపు బరువైన సామాను అడ్డం పెట్టుకుంటే గదికి కాస్త నీడ అవుతుందేమో, నేను కాదనను. కానీ సైన్సయితే మబ్బు మారినప్పుడు సలహా కూడా మారాలి. అనంతపురం సలహానే గారాచర్మకి పట్టుకొచ్చి, వాన వచ్చే వైపే చీరలు పెట్టమంటే, అది ఎప్పుడో ఎవరో చేసిన ఆలోచనకి ఫొటో కాపీ.

2019లో రెండో వార్డ్‌రోబ్ కట్టించాం. ఈసారి గోడ తేలిపోయింది కాబట్టి మిగతాది నిదానంగా ఆలోచించాం. ముందు అన్నీ మంచం మీద పోసి లెక్కపెట్టాం. పత్రికల్లో, సినిమాల్లో చూసే వార్డ్‌రోబ్‌లన్నీ కోట్లు వేలాడదీసుకునే దేశాల వాళ్ళవి. సగం జాగా హ్యాంగర్లకే పోతుంది. మన ఇళ్ళల్లో బట్టలు మడత పెట్టేవే ఎక్కువ. మా ఇద్దరికీ కలిపి వేలాడదీయాల్సినవి ఇరవై ఆరు చొక్కాలు, ఆరు ప్యాంట్లు, రోజూ కట్టే చీరలు పది. మడత పెట్టేవి దానికి నాలుగు రెట్లు. కాబట్టి తొమ్మిదడుగుల్లో మూడడుగులే హ్యాంగర్లకి ఇచ్చాం. హ్యాంగరు వెడల్పు పదిహేడు పద్ధెనిమిది అంగుళాలు, తలుపు మూసుకోవాలంటే లోపల ఇరవై రెండైనా ఉండాలి. పాత ఇనప బీరువా లోతు పంతొమ్మిదే, అందుకే అందులో చొక్కాల భుజాలు తలుపుకి నొక్కుకుని నలిగేవి. మడత పెట్టే అరలకి అంత లోతు అక్కర్లేదు. లోతెక్కువైతే వెనక వరస చీరలు ఉన్నాయన్న సంగతే మర్చిపోతాం. వాటిని పదహారు అంగుళాలతో ఆపి, ఒక్కో అర పది పన్నెండు అంగుళాల ఎత్తు పెట్టాం. ఎత్తు ఎక్కువ పెడితే దొంతర పెరుగుతుంది, కింది చీర లాగితే పైవన్నీ కూలతాయి. అరలు పదహారు అంగుళాలే కాబట్టి వాటి వెనక ఆరంగుళాల ఖాళీ మిగిలింది. అది గాలికి వదిలేశాం. హ్యాంగర్ల భాగం వెనక రెండంగుళాలు. అడుగున నాలుగంగుళాల కాళ్ళు, నేల తుడిచినప్పుడు తడి తగలకుండా. తలుపులకి కిందా పైనా వాలు పలకల జాలీ, కింద దూరిన గాలి పైకి పోయేలా.

ప్లైవుడ్ ఐ.ఎస్. 710 రకం, పడవలకి వాడేది. ఖరీదెక్కువ, ఓడలో రావాలి. కానీ చవక రకం ఒకసారి కొని పారేసినవాడికి ఖరీదెక్కువని అనిపించదు. తలుపు చట్రాలు పడాక్‌తో. 1883లో పెట్టిన చాథం కోత మిల్లు ఉన్న ఊరికి పడాక్ కలప గురించి నేను చెప్పక్కర్లేదు, చెద ముట్టదు. మేస్త్రికి ఈసారి నోరెత్తే స్వేచ్ఛ ముందే ఇచ్చాను. "ఇనప కబ్జాలు వద్దు సార్, ఉప్పుగాలికి రెండేళ్ళలో తినేస్తుంది, స్టీలువి వేద్దాం" అన్నాడు. సరేనన్నాను. పైభాగం కప్పు దాకా కట్టించేశాం, సూట్‌కేసులు నెత్తిన పెట్టే జాగానే లేకుండా. చుట్టాలు వైజాగ్ నుంచి మూడు రోజులు ఓడలో వస్తే వచ్చినవాళ్ళు వారానికి తక్కువ ఉండరు, వాళ్ళ పరుపులూ దుప్పట్లూ ఆ పై అటకలో. మొత్తాన్నీ పైన ఐదు చోట్ల గోడకి యాంకర్ బోల్టులతో బిగించాం. ఐలాండర్ కార్డులు, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ డబ్బాలో, ఛాతీ ఎత్తు అరలో. సునామీ తర్వాత కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ళని ఈ ఊళ్ళో ఎవర్నడిగినా కింది అర ఎందుకు పనికిరాదో చెప్తారు. మంచం తల ఇప్పుడు తూర్పుకి ఉంది. వార్డ్‌రోబ్‌కీ మంచానికీ మధ్య మూడడుగులు వదిలాం, తలుపు తెరిచి మనిషి వంగి కింది అర చూసుకునేంత.

ఒక్కటి మాత్రం కుదరలేదు. కిటికీ, స్విచ్‌బోర్డు, ఫ్యాను, ఏసీ రంధ్రం, అన్నీ 1997లోనే ఎక్కడివక్కడ పెట్టేశారు. స్విచ్‌బోర్డు ఒకటి ఇప్పుడు వార్డ్‌రోబ్ లోపల ఉంది, దాన్ని మార్పించడానికి గోడ మళ్ళీ చెక్కాలంటే భయపడి వదిలేశాను. డాలీగంజ్ మిత్రుడికి ఇదే చెప్పాను. కాగితం మీద ముందు బీరువా గియ్యి, తర్వాత మంచం గియ్యి, ఆ తర్వాతే కిటికీలూ స్విచ్చులూ. మనవాళ్ళు ఇల్లంతా కట్టి, గృహప్రవేశం చేసి, పాలు పొంగించి, అప్పుడు బీరువా ఎక్కడ పడుతుందా అని చూస్తారు. అప్పటికి ఖాళీగా మిగిలేది ఎప్పుడూ ఒక తడి గోడే.

లోపల తేమ ఎంతొచ్చిందంటారా? మొదటి వర్షాకాలం 78. ఏ చెమ్మా తోడవలేదు గానీ అది చాలదు. పాత పద్ధతికే వెళ్ళాను. తంతి బల్బు కాదు, బట్ట తగిలితే కాలుతుందన్న భయం. అలమరల్లో పెట్టే సన్న హీటరు కడ్డీ ఒకటి, పదిహేను వాట్లది, కింది అరకి అడుగున జాలీ వెనక. రోజంతా వేసినా నెలకి పదకొండు యూనిట్లు. మా దీవుల కరెంటు ఎక్కువగా డీజిల్‌తో వచ్చేది కాబట్టి ఏడాదంతా వెయ్యం, జూన్ నుంచి నవంబరు దాకానే. జాలీలు కాస్త మూస్తే 67, 68 మధ్య ఉంటోంది. ఆరు వర్షాకాలాలు దాటాయి, బూజు లేదు.

ఇక అమ్మ. ఉత్తరం గోడకి ఆనించిన వార్డ్‌రోబ్ తలుపులు దక్షిణానికి తెరుచుకుంటాయి. దక్షిణం యముడిది. వాస్తులో ఇంతకన్నా ఘోరం ఇంకోటి లేదు. అమ్మ మొదటి ఏడు తన చీర ఒక్కటీ అందులో పెట్టనివ్వలేదు. నైరుతి మూల నాన్న బీరువా ఇంకా ఉంది, అందులోనే ఉంచుకుంది. నేను ఏమీ అనలేదు, నాకు అనే అర్హత 2016లోనే పోయింది కదా. ఒక మీటరు ఆవిడ బీరువాలో, ఒకటి మా దాంట్లో పెట్టి వదిలేశాను. అమ్మకి అంకెలొచ్చు. చీటీలు కట్టిన మనిషి. రోజూ దీపం పెట్టాక రెండూ చూసేది. ఆగస్టులో ఒకనాడు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆవిడ పట్టుచీరలన్నీ ఉత్తరం గోడ అరలో ఉన్నాయి, మధ్య మధ్య పాత పంచె ముక్కలు వేసి. "ఏమ్మా?" అన్నాను. "కోడలు పెట్టింది" అంది. కోడల్ని అడిగితే నవ్వింది.

బంగారం మాత్రం ఇప్పటికీ నైరుతిలోనే ఉంది. ఆ బీరువాకి తీగ తీసేసి నాలుగు బోల్టులు వేయించాను. బంగారానికి బూజు పట్టదు కాబట్టి ఆ సంగతి ఇక ఎత్తలేదు.